కంప్యూటర్ మండీ వెనక గుమ్మడి వడియాలు

ఆ మంగళవారం పొద్దున మునిరత్నమ్మ అనుకున్నది ఒక్కటే. బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టి, బాగా ఎండనిచ్చి, ఆదివారానికల్లా డబ్బాలో పోసి ప్రసన్నకుమారమ్మ చేతిలో పెట్టాలి. ప్రసన్నకుమారమ్మ అంటే ఆఫీసు మేనేజరు జయచంద్ర భార్య. "ఆదివారం సుట్టాలొస్తా ఉండారు. వడియాలు గలగలమనాల. నీ పర్మినెంటు సంగతి ఆయన చెవిన నేనేస్తా కదా" అని మాట ఇచ్చింది. మూడేళ్లుగా టెంపరరీగా ఊడుస్తున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి? పిండి రుబ్బి, ముక్కలు కలిపి, బయటికొచ్చి చూస్తే చిత్తూరు మీద ముసురు పట్టి ఉంది. సూర్యుడి జాడ లేదు. పిండేమో ఆగదు, పులిసిపోతుంది.

ఆమె ఊడ్చే ఆఫీసు ఒకప్పుడు బెల్లం మండీ. బోర్డు మీద 'డేటా సెంటర్' అని రాసినా వీధివాళ్లకు అది కంప్యూటర్ మండీయే. బెల్లం పోయిందని చీమలకు మాత్రం ఎవరూ చెప్పలేదు. అవి పాత అలవాటుకొద్దీ వరసగా లోపలికి వెళ్లి, లోపలి ఏసీ చలికి తట్టుకోలేక వరసగా వెనక్కి వచ్చేవి.

చెత్త పారబోయడానికి మండీ వెనక్కి వెళ్లిన మునిరత్నమ్మ అక్కడే నిలబడిపోయింది. గోడకున్న రెండు ఏసీ పెట్టెల ముందు నేల కరకరలాడుతూ పొడిగా ఉంది. చుట్టూ తుంపర, మధ్యలో రోహిణి కార్తె. అరచెయ్యి చాపితే రొట్టెల భట్టీ ముందు చాపినట్టుంది.

"లోపల ఏమి వండతా ఉండారు సార్?" అని ఇంజినీరు అమర్‌నాథ్‌ని అడిగింది.

"వండేదేమీ లేదక్కా. ఆస్పత్రి చీటీలు, కాలేజీ మార్కులు, జనాలు రాసుకున్న జాబులు ఆ మిషన్లలో దాస్తా ఉండాం. అవి రేయీ పగలూ నడిచి వేడెక్కుతాయి. ఏసీ ఆ వేడిని బయట పారబోస్తాది."

"దాసినవి ఎవురైనా వచ్చి అడుగుతారా?"

"నూటికి తొంభై ఎవరూ అడగరు."

"అడగనోళ్ల జాబులకా సార్ ఇంత కరెంటు!"

ఆమెది వెటకారం కాదు, నిజంగానే ఆశ్చర్యం. వాళ్ల ఊళ్లో శెనక్కాయ చేనికి మూడు గంటలు కరెంటొస్తే నాయన పండగ చేసుకునేవాడు. ఇక్కడ ఎవరో రాసి మరిచిపోయిన జాబు కూడా గంటగంటకూ కరెంటు తిని వేడి కక్కుతోంది. ఆ వేడి వృథా పోవడం ఆమెకు నచ్చలేదు. నులకమంచం తెచ్చి పెట్టెల ముందు వేసి, పంచె పరిచి వడియాలు పెట్టింది. తుంపర పడకుండా చుట్టూ రెండు పాత చీరలు కట్టింది. సాయంత్రానికి పైపొర గట్టిపడింది.

బుధవారం లోపలి గదిలో అలారం మోగింది. గురువారం ఆగకుండా మోగింది. అమర్‌నాథ్ చెమటలు తుడుచుకుంటూ, "సార్, గది వేడెక్కతా ఉండాది. మిషన్ల మీద లోడు పెరిగినట్టుండాది" అన్నాడు.

జయచంద్ర మొహం వెలిగిపోయింది. "లోడు పెరిగిందంటే యాపారం పెరిగినట్టేనప్పా! ఇంకో ఏసీ పెట్టు."

మూడో పెట్టె రావడంతో మంచం దగ్గర ఎండ ముదిరింది. ఎదురింట్లో ఇడ్లీ అంగడి నడిపే వరదమ్మ అది కనిపెట్టింది.

"ఏం వదినా, సూర్యుణ్ణి నువ్వొక్కదానివే దాసిపెట్టుకుంటివా? మా పిల్లోళ్ల యూనిఫారాలు వారంగా కంపు కొడతా ఉండాయి!"

కాదనడం మునిరత్నమ్మకు రాదు. యూనిఫారాల వెనక వీధి వీధంతా వచ్చింది. దుప్పట్లు, మిరపకాయలు, కోర్టుకు పోవాల్సిన ఒక నల్లకోటు. గాలి మెసలడానికి సందు లేదు. లోపల అలారం గొంతు చించుకుంది. శనివారం నాలుగో ఏసీ వచ్చింది.

అది వేసిన నిమిషానికి వీధి బల్బులు నిప్పుకణికల్లా ఎర్రబడ్డాయి. వరదమ్మ గ్రైండరు ఒక నిట్టూర్పు విడిచి ఆగింది. మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది. వీధంతా కరెంటు పోయి, మండీలో మాత్రం జనరేటరు గర్జిస్తూ లేచింది. దాని పొగ నేరుగా వెనక దండేల మీదికి పోయింది. నల్లకోటు ఒక్కటే రంగు మారలేదు.

చేతులకు పిండితోనే వరదమ్మ గేటు దగ్గరికి వచ్చింది, ఆమె వెనకే వీధి జనం. "మా పిండి సగంలో ఆగిపాయ. మీ పెట్టెలు మాత్రం సల్లంగా ఉండాయే!"

"దేశంలో డేటా అంతా మన చిత్తూరికే వస్తా ఉండాదమ్మా. దాన్ని మోసేదానికి ఈ ట్రాన్స్‌ఫార్మర్ యాడ సాలుతుంది?" అన్నాడు జయచంద్ర.

జనం నోళ్లు తెరుచుకుని మండీ గోడల వైపు చూశారు. ఒక పెద్దాయన గుడి ముందు విప్పినట్టు చెప్పులు కూడా విప్పాడు.

మునిరత్నమ్మ అప్పటికే వెనక్కి పరుగెత్తింది. పొగ మంచం దాకా దిగకముందే వడియాలు మూటగట్టి, చీరలూ దుప్పట్లూ అన్నీ లాగేసింది. కాసేపటికి అలారం ఆగింది. ఆమెకు ఏదో తట్టింది. ఒక దుప్పటి తీసి పెట్టెలకు అడ్డంగా పట్టుకుని చాలాసేపు నిలబడింది. అలారం మోగింది. తీసేసింది. ఆగింది. అంటే ఆ పెట్టె చలిని పుట్టించేది కాదు, లోపలి వేడిని మోసుకొచ్చి బయట దించే కూలీ. కూలీ దారికి అడ్డంగా తాను మంచం వేసింది.

చెబితే పర్మినెంటు మాట అటుంచి, ఉన్న చీపురు కూడా పోతుంది. చెప్పకపోతే వరదమ్మ గ్రైండరు తిరగదు. అమర్‌నాథ్‌ని పక్కకు పిలిచింది.

"లోడు పెరగలేదు సార్. నేను వడియాలు పెట్టినా."

అతను వచ్చి చూశాడు. రెండు ఏసీలు ఆపి చూశాడు. గది చల్లగానే ఉంది. అతని మొహమే పాలిపోయింది.

"లోడు రెండింతలైందని పొద్దున్నే హెడ్డాఫీసుకి రిపోర్టు పంపినానక్కా. మేనేజరుకి మెచ్చుకోలు కూడా వచ్చేసింది. ఈ మాట నీ కడుపులోనే పెట్టుకో."

పది రోజులకు హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. మండీకి సొంతంగా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, ఇంకో రెండు ఏసీలు, ఆ ఆరు పెట్టెల ముందు ఏదీ అడ్డం రాకుండా చూసుకోవడానికి ఒక పర్మినెంటు మనిషి. వీధికి మాత్రం పాత ట్రాన్స్‌ఫార్మర్‌కే అతుకులు వేసి ఇచ్చారు.

ఆ మధ్యాహ్నం జయచంద్ర ఇంటి నుంచి తెచ్చుకున్న వడియం ఒకటి కరకర నమిలి, "ఎన్ని మిషన్లన్నా రానీ అమర్‌నాథూ, ఎండలో ఎండిన వడియం రుచే వేరప్పా!" అన్నాడు.

అమర్‌నాథ్ మునిరత్నమ్మ వైపు చూశాడు. ఆమె నోరు విప్పలేదు. పర్మినెంటు ఉద్యోగి కదా.