జపాను కాగితం

ఆ రోజు పొద్దున కోటేష్ పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, ప్రింటర్ల అధ్యాయం సరిచూసి జపాను వాళ్ళకు పంపడం. రెండు, తాను యాడీ అని పిలిచే తల్లి రూప్లి ఇంటి దరఖాస్తు మండలాఫీసులో ఇవ్వడం. అతని భార్య ఉషారాణి లెక్కలో కూడా ఉన్నవి ఆ రెండు పనులే. కాకపోతే వరుస వేరు.

"మీ యాడి పొద్దుగాల్నే ఆటో ఎక్కిపోయి లైన్ల నిలబడ్డది. ఇయ్యాల ఆఖరి దినం. ముందు గా దరఖాస్తు తీసుకపోయి ఇయ్యి. అటెంక నీ జపానోల్లు."

"రెండు పనులు జహూర్ భాయ్ షాపుల్నే అయిపోతయి. పది నిమిషాలు."

"నువ్వు పది నిమిషాలంటెనే నాకు భయమైతది," అని ఉషారాణి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని తన ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళిపోయింది.

కోటేష్ ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. ఒకప్పుడు హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటూ, అది దొరక్క, ఖాళీగా ఉండలేక జపాను భాష నేర్చుకున్నాడు. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో కలిసి తయారుచేసి ఉచితంగా పంచే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. దానికి ఏ పరికరాన్ని ఎలా తగిలించాలో చెప్పే పుస్తకాలున్నాయి. ఓపికున్నవాళ్ళు వాటిని తమకొచ్చిన భాషల్లోకి మారుస్తుంటారు. కీబోర్డు, మౌసు, ప్రింటరు ఎలా తగిలించుకోవాలో జపాను వాళ్ళకు జపాను భాషలో నేర్పే బాధ్యతను, భద్రాచలం దాటాక అడవి అంచున ఉండే మన కోటేష్ నెత్తికెత్తుకున్నాడు. "అవన్నీ చేసేటిది వాళ్ళే కద?" అని ఉషారాణి ఒకసారి అడిగింది. ఆ పూట కోటేష్ అన్నం తినలేదు. తెలుగులోకి చెయ్యొచ్చు కదా అని కాలేజీలో ఎవరో అంటే మాత్రం పకపకా నవ్వాడు. "తెలుగుల రాస్తే ఎవరు చదువుతరు సార్?"

అతని అనువాదాలు సరిచూసే పెద్దమనిషి మొరిమొతో జపానులో ఉంటాడు. మర్యాదకు మారుపేరు. ఆయన ముందురోజు ఎంతో మర్యాదగా ఒక ప్రశ్న అడిగాడు: ఈ అధ్యాయాన్ని నిజమైన ప్రింటరు మీద పరీక్షించారు కదా? కోటేష్ దగ్గర ప్రింటరు లేదు. అధ్యాయమంతా ప్రింటరు మొహం చూడకుండానే రాశాడు. పరీక్షించకపోతే ఈసారి పుస్తకంలో అధ్యాయం ఉండదు, అధ్యాయం లేకపోతే కింద కోటేష్ పేరూ ఉండదు.

ఇక మండలాఫీసు. దాని పేరు చెప్పడం కుదరదు. ఈ కథ చెప్పేవాడి కాగితం ఒకటి ఇంకా అక్కడే ఉంది. ఆఫీసుకు ఎదురుగా జహూర్ నడిపే జిరాక్సు షాపుంది. ఆ పొద్దున అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. ఇళ్ళ పథకం దరఖాస్తు నమూనా జహూర్ కంప్యూటరులో ఉంది. పేర్లు నింపి ప్రింటు తీసి ఇస్తున్నాడు.

"భాయ్, నీ కంప్యూటర్ ముసలిదైంది. నేనొక కొత్త సిస్టమ్ ఎక్కిస్త. ఫ్రీ. ఎట్ల ఉరుకుతదో సూడు," అన్నాడు కోటేష్.

"ఉరికి యాడికి పోవాలె భాయ్? గిరాకీ సూస్తున్నవ్ కద. రేపు పెట్టుకుందాం."

"పది నిమిషాలే."

తన కొడుకు తబ్రేజుకు కోటేష్ ఉత్తపుణ్యానికి కంప్యూటర్ నేర్పిన సంగతి గుర్తొచ్చి జహూర్ కుర్చీ ఖాళీ చేశాడు. మొహమాటం అంత పాడుది ఇంకోటి లేదు.

కోటేష్ పెన్‌డ్రైవ్ పెట్టాడు. తన పుస్తకం జపానులో ఉంది కాబట్టి సిస్టమ్ కూడా జపానులోనే పెట్టాడు. తెర నిండా జపాను అక్షరాలు విచ్చుకున్నాయి. దరఖాస్తు నమూనా భద్రంగానే ఉంది కానీ షాపులో నెట్టు పోయింది. నెట్టు పరికరాల అధ్యాయం దాకా కోటేష్ ఇంకా రాలేదు. అతను పరీక్ష కాగితం ప్రింటు కొట్టాడు. ప్రింటరు ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ కొట్టాడు. ఆటోవాడు హారన్ కొట్టినట్టు కొడుతూనే ఉన్నాడు. "ప్రింటరు వెంటనే పలకకపోతే ఓపికగా ఆగండి, ఆదేశాన్ని మళ్ళీ మళ్ళీ ఇవ్వకండి" అని అతనే ఆ అధ్యాయంలో చక్కటి జపానులో రాశాడు. కానీ రాసినవాడు చదువుతాడని ఎక్కడుంది? ఆ కంగారులో "ప్రతి ప్రింటు వెనకా ఒక పరీక్ష కాగితం వెయ్యి" అనే గడిలో కూడా టిక్కు పడింది. అది అతను చూసుకోలేదు.

చివరికి ప్రింటరు మూలిగి ఒక కాగితం కక్కింది. తొమ్మిది వరుసల జపాను, కింద గుండ్రటి గీతలో తాబేలు బొమ్మ. ఆ తాబేలు ఆ సిస్టమ్ గుర్తు. ఆ తొమ్మిది వరుసల సారాంశం ఏమిటంటే, ఇది పరీక్ష కాగితం, అక్షరాలు స్పష్టంగా పడితే మీ ప్రింటరు బాగున్నట్టు, పడకపోతే తీగ సరిగా పెట్టి చూడండి. అంతే. కోటేష్ మాత్రం పసిబిడ్డను చూసినట్టు చూసుకుని, ఫోనులో ఫోటో తీశాడు.

"భాయ్, నేను నీళ్ళ ట్యాంకు కాడికి పోయి మెయిల్ పంపొస్త, ఈడ సిగ్నల్ లేదు. మా అమ్మ దరఖాస్తు నువ్వే తీసిపెట్టు."

"అరే, ఇదేం లిపి భాయ్? ప్రింటు యాడున్నది?"

"మూడో బొమ్మ!" అని అరుస్తూనే కోటేష్ మాయమయ్యాడు.

జహూర్ మూడో బొమ్మ నొక్కాడు. దరఖాస్తు వచ్చింది. వెనకే తాబేలు కాగితమూ వచ్చింది. ఎన్నిసార్లు నొక్కినా అంతే. ఆపుదామంటే ఏ బొమ్మ ఏమిటో తెలియదు. ముందు నిలబడ్డవాడు పగిడయ్య. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులే కాదు, అధికారులనూ అరగదీసిన మనిషి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దరఖాస్తు పెట్టాలంటే ముందు ఆయన మొహం చూస్తారు.

"ఇదేంది జహూరూ?"

"తెల్వది పెద్దాయనా. మీ దరఖాస్తు ఎంట వచ్చింది. వద్దంటె ఈడ పడెయ్యండి."

పగిడయ్య కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. కింద గుండ్రటి ముద్ర ఉంది. సర్కారు కాగితానికి ఇంకేం కావాలి? తాబేలు బొమ్మ కూడా సర్కారుకు తగినట్టే ఉంది. "ఒక కాయితం తక్కువైతె వాపస్ పంపుతరు. ఎక్కువైతె ఎన్నడన్న పంపిన్రా?" అని దాన్ని దరఖాస్తు వెనక పెట్టి పిన్ను కొట్టాడు. పగిడయ్య పిన్ను కొట్టాడంటే ఇంక ఎవరాగుతారు! షాపులో అందరూ పిన్నులు కొట్టారు.

ఎదురాఫీసులో దరఖాస్తులు తీసుకునే గుమాస్తా కిషన్‌లాల్. ముందురోజు మేనకోడలి పెళ్ళని సెలవు పెట్టాడు. మొదట పగిడయ్య దరఖాస్తు తిరగేశాడు, తాబేలు కనిపించింది. రెండోదాంట్లోనూ తాబేలే. మూడోదాంట్లోనూ. కిషన్‌లాల్‌కు చెమట పట్టింది. తాను లేని రోజున కొత్త సర్క్యులరు వచ్చిందన్నమాట! అడిగితే చదవలేదని తేలిపోతుంది. అందుకని ఆ కట్ట పట్టుకుని సూపరింటెండెంటు బల్ల ముందు ఊరికే అటూ ఇటూ తిరిగాడు. ఆయన తాబేలును చూశాడు. ఆయనా సర్క్యులరు చదవలేదు. అసలు ఏ సర్క్యులరూ చదవడు. "అవ్ అవ్, రూల్ ప్రకారం కానియ్యి," అన్నాడు. ఆ క్షణంలో రూలు పుట్టింది. తాబేలు లేకుండా నిన్న వేరేచోట దరఖాస్తు తీయించుకున్నవాళ్ళందరినీ కిషన్‌లాల్ వెనక్కి పంపడం మొదలుపెట్టాడు. వాళ్ళంతా జహూర్ షాపు మీద పడ్డారు. జహూర్ మూడో బొమ్మ నొక్కుతూనే ఉన్నాడు, చివరికి ప్రింటరులో ఇంకు అయిపోయింది.

ఇదంతా జరుగుతున్నప్పుడు కోటేష్ ట్యాంకు గట్టు మీద కూర్చుని మొరిమొతో జవాబు చదువుతున్నాడు. కాగితం చాలా బాగా వచ్చిందని ఆయన రాశాడు. ఒక్క లోపం ఉందట, క్షమించాలట. అసలు పుస్తకంలో పరీక్ష కాగితానికి పదో వరుస ఒకటి ఉంది, కోటేష్ దాన్ని వదిలేశాడు. "చూసుకున్న తరువాత ఈ కాగితాన్ని పారేయండి." ఆ వరుస లేకపోతే జనం కాగితాన్ని అనవసరంగా దాచుకునే ప్రమాదం ఉందని మొరిమొతో ఆందోళన. "జపానోల్లు ఎంత ముందుచూపు గల్లోల్లు!" అని కోటేష్ మురిసిపోయాడు. దిద్దుబాటు రాసి, మళ్ళీ చదివి, ఇంకోసారి చదివి పంపేసరికి మధ్యాహ్నం దాటింది.

షాపుకు వచ్చి, ఇంకు అయిపోకముందే జహూర్ తీసిపెట్టిన తల్లి దరఖాస్తు అందుకున్నాడు. వెనక తాబేలు కాగితం కనిపించింది. ఇప్పుడే కదా నేర్చుకున్నది! పిన్ను పీకి, కాగితం నలిపి, బయటికి విసిరాడు. షాపు ముందు తిరుగుతున్న మేక దాన్ని గాల్లోనే అందుకుని నమలసాగింది. జహూర్ నోరు తెరిచేలోపు కోటేష్ రోడ్డు దాటేశాడు.

లైనులో రూప్లి పొద్దుటి నుంచి నిలబడే ఉంది. కాళ్ళు లాగినప్పుడు చెప్పులను లైనులో వదిలి గోడనీడకు వెళ్ళి వచ్చింది. తండాలో ఆమె ఇంటి కప్పు మీద నీలం ప్లాస్టిక్ పట్టా తప్ప ఏమీ మిగలలేదు. పోయిన వానల్లో మంచం చుట్టూ గిన్నెలు పెట్టుకుని పడుకుంది. కొడుకు తమ ఇంటికి రమ్మంటే, "నా ఇల్లు నాకుండాలె" అంది. ఇద్దరూ కలిసి కౌంటరు ముందుకు చేరారు.

కిషన్‌లాల్ దరఖాస్తు తిరగేశాడు. "ఎనక కాయితం ఏది?"

"ఏ కాయితం సార్?"

"తాబేలుది. ముద్ర కాయితం."

కోటేష్ ఛాతీ రెండింతలైంది. "అది జపాను కాయితం, నేనే రాసిన సార్!"

"ఎవలు రాసిన్రని నేనడగలే. కాయితం పెట్టు."

"కాదు సార్, అది ప్రింటరు పరీక్ష కాయితం. దాంట్ల ఏం లేదు. అక్షరాలు మంచిగ పడ్డయా లేదా సూసుకునేటందుకు, గంతే."

కిషన్‌లాల్ మొహం మాడిపోయింది. పక్కనున్న దరఖాస్తుల గుట్ట వైపు చూశాడు. ప్రతి తాబేలు మీదా తన చేత్తో రబ్బరు ముద్ర వేశాడు, నంబరు వేశాడు. రసీదు తీసుకుని కూడా, ఎందుకైనా మంచిదని సాయంత్రం దాకా అక్కడే ఉండే పగిడయ్య మెల్లగా కోటేష్ భుజం మీద చెయ్యేశాడు.

"బాబూ, గది ఉత్త కాయితమని సార్ ఒప్పుకుంటె మా అందరియి వాపస్ వస్తయి. ఇంత మంది ఇండ్లు నీ నోట్ల ఉన్నయి. జర మూసుకో."

"నిజం చెప్తున్న పెద్దాయనా!"

"నిజం ఎవలడిగిన్రు? కాయితం అడిగిన్రు."

రూప్లి కొడుకు చెయ్యి పట్టుకుంది. "కోటీ, నీకొచ్చిన భాషనే కదరా. ఒకటి రాసియ్యి."

కోటేష్ షాపుకు పరుగెత్తాడు. ఇంకు లేదు. మేక దగ్గర కూడా ఏమీ మిగల్లేదు. తెల్లకాగితం తీసుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. ఫోనులో ఫోటో చూస్తూ తొమ్మిది వరుసలూ రాశాడు. మెట్టు మీదున్న చాయ్ గ్లాసు బోర్లించి గుండ్రం గీసి తాబేలును వేశాడు, అది కొంచెం ఎలుకలా వచ్చింది. రాసి లేవబోయి ఆగాడు. లోపం ఉందని తెలిశాక కూడా లోపంతో ఇవ్వడమా? మొరిమొతో ఏమనుకుంటాడు? పదో వరుస కూడా చేర్చాడు.

కిషన్‌లాల్ ఆ కాగితాన్ని పగిడయ్య దాని పక్కన పెట్టి పెన్నుతో వరుసలు లెక్కపెట్టాడు. "చేతిరాత సరే, కింద సంతకం పెట్టు. మరి ఇదేంది? పది వరుసలున్నయి. తక్కినయన్ని తొమ్మిదే."

"ఆ తొమ్మిదిట్ల తప్పున్నది సార్. ఇదే కరెక్టు. జపానోల్లు ఇయ్యాల్నే చెప్పిన్రు."

"ఇంతమందియి తప్పు, నీదొక్కటి కరెక్టా? ఈ పదోదాంట్ల ఏమున్నది?"

"సూసుకున్నంక ఈ కాయితం పారెయ్యిండి అని ఉన్నది సార్."

కిషన్‌లాల్ పెన్ను కింద పెట్టాడు. అతని కళ్ళలో నిజంగానే బాధ కనిపించింది. "నేను కొలువుల చేరినసంది ఈ ఆఫీసుల ఒక్క కాయితం పారెయ్యలే. సదువకుంటె సదువలే గని, పారెయ్యనైతె పారెయ్యలే. మా మీద గింత మాట రాస్తవా? కొట్టెయ్."

"సార్, అది తప్పయితది..."

"టైమైతున్నది. కొట్టేస్తవా, వాపస్ ఇయ్యాల్నా?"

కోటేష్ వెనక్కి చూశాడు. రూప్లి లాగుతున్న పాదాన్ని ఇంకో పాదం మీద పెట్టుకుని, పడిపోకుండా గోడను పట్టుకుని నిలబడి ఉంది. తన అనువాదం, తన పేరు, పరికరాల పుస్తకం అన్నీ ఆ నీలం పట్టా ముందు చాలా చిన్నవైపోయాయి. పొద్దుటినుంచి ఆమె ఇక్కడ నిలబడితే తాను ట్యాంకు గట్టు మీద కామాలు దిద్దుకుంటూ కూర్చున్నాడని తలుచుకుంటే సిగ్గేసింది. పెన్ను తీసుకుని పదో వరుస కొట్టేశాడు. పక్కన సంతకం కూడా పెట్టాడు. రబ్బరు ముద్ర దబ్బున పడింది.

రసీదును రూప్లి కొంగున ముడివేసుకుంది. ఆటోలో అడిగింది. "ఇంతకు గా కాయితంల ఏమున్నదిరా?"

"ఏం లేదు యాడీ."

"ఏం లేదు కాబట్టె తీసుకున్నరు. ఏమన్న ఉంటె రేపు రమ్మందురు."

ఇంట్లో ఉషారాణి అంతా విని నవ్వలేదు. అన్నం వడ్డిస్తూ, "సదివేటోల్లు లేరని తెలుగుల రాయనంటివి. ఇయ్యాల నీ జపాను ఎంతమంది సదివిన్రు?" అని మాత్రం అడిగింది. కోటేష్ ఈసారి అలగలేదు. ఆకలి అలాంటిది. తిన్నాక మొరిమొతోకు మెయిలు రాశాడు: పరీక్ష కాగితాన్ని నిజమైన ప్రింటరు మీదా, నిజమైన జనం మీదా పరీక్షించాం. అందరూ ఆదరించారు. పదో వరుస మాత్రం మా ప్రాంతంలో అమలు కావడం కష్టం.

మరుసటి వారం మండలాఫీసు గోడ మీద కొత్త నోటీసు అంటించారు. దరఖాస్తుతో జతపరచవలసిన కాగితాల చివర ఇలా ఉంది: జపాను కాగితం, రెండు జిరాక్సులతో సహా, పదో వరుస ఉన్నవి తిరస్కరించబడును.