మా కొట్టంలో రెండు స్టేషన్లు

తోడబుట్టినవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమంత దండగమారి పని లోకంలో ఇంకోటి లేదు. రేడియో ఉండగా నోరెందుకు?

ఎన్నికల ముందు అమెరికాలో మా విస్కాన్సిన్ రాష్ట్రంలో నాలుగు రోజులుంటే మీరూ ఒప్పుకుంటారు. పూర్వం మనిషికి ఒక అభిప్రాయం ఏర్పడాలంటే నలుగురితో వాదించి, నలుగురి చేతా తిట్లు తిని, ఇంటికొచ్చి ఆలోచించుకోవాల్సి వచ్చేది. ఎంత అవస్థ! ఇప్పుడు తెల్లవారుతూనే స్విచ్చి తిప్పితే వండి వార్చిన అభిప్రాయం చెవిలో పడుతుంది. నమలక్కర్లేదు కూడా.

నాన్న వదిలిపోయిన డెబ్బై ఆవుల డెయిరీని నేనూ, మా తమ్ముడు డెల్మర్ ముప్ఫై ఏళ్ళుగా కలిసి నడుపుతున్నాం. కొట్టానికి ఇవతల నా ఇల్లు, అవతల వాడిది. రేడియో మోగకపోతే ఆవులు చేపవని, పాలు దిగవని ఇక్కడ ప్రతి రైతుకీ తెలుసు. పొద్దున పాలు తీసేది వాడు. వాడిది ఏనుగు గుర్తు పార్టీ కాబట్టి అప్పుడు వాళ్ళ స్టేషన్లో బక్ హార్ట్‌విగ్ అనే మహానుభావుడు గుక్క తిప్పుకోకుండా అరుస్తాడు. సాయంత్రం తీసేది నేను. నాది గాడిద గుర్తు పార్టీ కాబట్టి అప్పుడు మా స్టేషన్లో ఐరా మెల్నిక్ అనే వెటకారాల రాయుడు ఏనుగులని ఉతికి ఆరేస్తాడు. ఆవులు మాత్రం రెండు పూటలా ఒకేలా పాలిస్తాయి. ఈ రాష్ట్రంలో నిష్పక్షపాతంగా మిగిలినవి అవే!

సెప్టెంబరులో బక్ ఒక మహాసత్యం కనిపెట్టాడు. గాలిమరల్ని చూస్తే ఆవులకి పాలు ఎండిపోతాయట! మర్నాడే డెల్మర్ కొట్టం కిటికీలన్నిటికీ గోనెలు కొట్టేశాడు. నేను ఊరుకుంటానా? మెల్నిక్‌కి ఫోన్ చేసి, తమ్ముడి పేరుతో సహా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన దాని మీద పాట కట్టాడు. రాష్ట్రమంతా వారం రోజులు నవ్వింది. ఊళ్ళో ప్రతి శుక్రవారం జరిగే చేపల విందులో ఎవరో డెల్మర్ మొహం మీదే ఆ పాట అందుకున్నారు. వాడు ప్లేటు అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు.

"ఇది హాస్యమా? అవమానం!" అని ఏనుగు పార్టీవాళ్ళు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "జోకంటే నవ్వాలి, ఏడుస్తారేం?" అన్నారు మా వాళ్ళు.

రెండో వారం డెల్మర్ బక్‌కి ఫోన్ చేశాడు. "మా అక్క దూడల పేర్లు కూడా ఓటర్ల జాబితాలో రాయిస్తోందండీ" అన్నాడు. బక్ అరగంటసేపు దూడ గొంతుతో నన్ను అనుకరించాడు. ఇక చూడండి! మా వాళ్ళు "ఇది హాస్యమా? అవమానం!" అన్నారు. వాళ్ళేమో "జోకంటే నవ్వాలి, ఏడుస్తారేం?" అన్నారు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా మాటలు ఇచ్చిపుచ్చుకున్నారు! ఇంత ఐకమత్యం చర్చిలో కూడా చూడలేదు నేను.

అక్కడితో మా ఇద్దరికీ మాటలు పోయాయి. ఎంత హాయి! దాణా అయిపోతే పాల ట్యాంకు మీద సుద్దముక్కతో రాసుకుంటున్నాం. వ్యాకరణం కూడా మెరుగుపడింది.

మొన్న గురువారం ఒక ఆవు కుంటుతోందని చూడ్డానికి పొద్దున్నే కొట్టంలోకి వెళ్ళాను. డెల్మర్ ఆ చివర్న ఉన్నాడు, నన్ను చూడలేదు. రేడియోలో బక్ అంటున్నాడు: "మన డెల్మర్‌కి మంగళవారం గుండె ఆపరేషన్. అందరూ దేవుణ్ణి తలుచుకోండి!" వెంటనే ఎవరో పెద్దావిడ అందుకుంది. "భయపడకు డెల్మర్ బాబూ, వాల్వు మార్చడం ఇప్పుడు పెద్ద పనేం కాదయ్యా. మా ఆయనకీ మార్చారు."

ఇరవై వేలమంది శ్రోతలకి తెలుసు. కొట్టానికి ఇవతలున్న అక్కకి తెలియదు. అయినా రేడియోని తప్పు పడతారా? అదే లేకపోతే నాకు ఆ మాత్రమైనా తెలిసేదా?

తిన్నగా వాడి దగ్గరికెళ్ళి అడగొచ్చు కదా అంటారేమో. సిగ్గేసింది. ఇంట్లోకొచ్చి బక్‌కే ఫోన్ చేశాను. నలభై నిమిషాలు లైన్లో నిలబెట్టారు. "మీరు మన పార్టీయేనా అండీ?" అని ఫోనెత్తిన అమ్మాయి అడిగితే, ఔనని అబద్ధమాడాను. చివరికి నన్ను కార్యక్రమంలోకి కలిపారు.

"ఒరేయ్ డెల్మర్, నేన్రా, అక్కని. మంగళవారం ఆస్పత్రికి ఎన్నింటికెళ్ళాల్రా?"

"ఓహో! దూడల నాయకురాలా!" అని బక్ సంబరపడిపోయి, నా లైను తెంపేసి, ట్రాక్టరు టైర్ల ప్రకటన వేశాడు.

కొట్టంలో రేడియో ఆగింది. ఆవులు అరవడం మొదలెట్టాయి. డెల్మర్ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఆరున్నరకల్లా రమ్మన్నారు. నేనే కారేసుకుని పోతాలే."

"గుండె కోయించుకోడానికి నువ్వే కారు నడుపుకుంటూ పోతావా? తోడెవరొస్తున్నార్రా?"

"ఎవరున్నారక్కా?" అన్నాడు.

ఇరవై వేలమంది తన కోసం దేవుణ్ణి తలుచుకుంటున్న మనిషి వాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, రెండూ వాడి మీదే చూపించాను.

ఇంతకీ ఇదంతా ఎందుకు రాశానంటే, మంగళవారం తమ్ముడి వెంట నేను వెళ్తున్నాను. ఆ రోజు రెండు పూటలా మా ఆవుల పాలు తియ్యడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఏ పార్టీ అయినా సరే. ఫోన్లు చెయ్యకండి. రండి.