‘వదిలేయి’ బటన్

మానవజాతి ప్రగతి అంటే, చేతికి అందే వస్తువును తీసి అందని చోట సర్దడమే. బ్రౌజరుకు కాపలా కాసే ఒక ఎక్స్‌టెన్షన్ వారు ఈ సత్యాన్ని ఆలస్యంగానైనా గ్రహించి, తమ సెట్టింగుల పేజీని మెరుగుపరిచారు. పాత పేజీలో ఉన్నది ఒక్కటే స్విచ్. నొక్కితే కాపలా ఆగేది, మళ్లీ నొక్కితే మొదలయ్యేది. ఇంత తేలిగ్గా అర్థమైపోయే పేజీ భద్రతకే ముప్పని అమరిక సంస్కరణ సంఘం తీర్మానించింది. (సంఘంలో సభ్యులు తొమ్మిదిమంది. స్విచ్ ఒక్కటే కావడంతో ఎనిమిదిమంది ఖాళీగా ఉండేవారు.)

మెరుగుదల దిగిన రోజునే ఆస్పత్రి డ్యూటీ గదిలో, సెలైన్ సీసాల పెట్టె మీద కూర్చుని, ఒక నర్సు బదిలీ దరఖాస్తు నింపుతోంది. ఐదింటికి గడువు. భర్తా ఆరేళ్ల కూతురూ మూడు గంటల బస్సు దూరంలో ఉన్నారు. ఇప్పుడు తప్పితే మళ్లీ రెండేళ్ల దాకా బదిలీల ఊసుండదు. ముప్పై ఎనిమిది గడులూ నింపి ‘పంపు’ నొక్కగానే ఎర్రటి తెర అడ్డం పడింది: ‘ఈ సైటు అనుమానాస్పదం.’ (సైటు ఆమె పనిచేసే శాఖదే. ఆ అనుమానం ఆమెకూ మొదట్నుంచీ ఉంది.)

అరగంటకు పైగా సెట్టింగుల్లో వెతికి, ఇక లాభం లేదని మరిదికి ఫోన్ చేసింది. అతను ఆ సంఘంలో సభ్యుడు.

“ఏం నాయనా, పాత స్విచ్ ఎక్కడ పాతిపెట్టారు?”

“పాతిపెట్టలేదు వదినా, మెరుగుపరిచాం. ‘సాధారణం’లోకెళ్లి ‘అంత సాధారణం కానివి’ చూడండి.”

“చూశా. రంగులు మార్చుకోమంటోంది.”

“అది నా ఐడియానే!”

“మీ అన్నయ్య ఊరికే అనరు నీ గురించి. తర్వాత?”

“కిందికి రండి. ఇంకా కిందికి.”

“ఇంకా దిగితే పాతాళమే. ఇదిగో, రెండు బటన్లున్నాయి. ‘పట్టుకో’ అని ఒకటి, ‘ఈ సైటును వదిలేయి’ అని ఒకటి.”

ఈ ‘వదిలేయి’ కోసం సంఘం మూడు వారాలు చర్చించింది. పోనివ్వమని అర్థమని సగంమంది, మనకెందుకని తప్పుకోవడమని సగంమంది అనుకున్నారు. అర్థం దగ్గర చీలినా, మాట మాత్రం ఏకగ్రీవంగా నెగ్గింది. (ప్రోగ్రాము రాసినాయన రెండో సగంలో ఉన్నాడు.)

నాలుగూ యాభై ఏడుకు ఆమె ‘వదిలేయి’ నొక్కింది. ముప్పై ఎనిమిది గడులతో సహా పేజీ మూసుకుపోయింది. ‘ప్రమాదకరమైన సైటును విజయవంతంగా వదిలేశాం’ అని పచ్చటి అక్షరాలు వెలిగాయి.

“ఏమైంది వదినా?”

“వదిలేసింది.”

“హమ్మయ్య!” అన్నాడు మరిది.

దరఖాస్తు మళ్లీ తెరిచి మొదట్నుంచీ నింపితే, మిగిలిన మూడు నిమిషాల్లో పదకొండు గడులు నిండాయి. ఐదింటికి గడువు ముగిసింది.

నెలాఖరు నివేదికలో సంఘం సగర్వంగా రాసుకుంది: ‘పాత పేజీలో ఎవరూ నాలుగు క్షణాలకు మించి నిలబడలేదు. కొత్త పేజీలో ఒక వినియోగదారు ఏకంగా నలభై ఏడు నిమిషాలు గడిపారు.’ ఈ ఆదరణకు మెచ్చి యాజమాన్యం మరిదిని పెద్ద హోదాలో అన్నగారి ఊరి ఆఫీసుకు బదిలీ చేసింది. దరఖాస్తు అవసరం లేకపోయింది.

ఇప్పుడు పాపను రోజూ బడికి దింపుతున్నది బాబాయే.