నప్పని క్రాసే మేలు

నప్పిన సామాను మనిషిని సోమరిని చేస్తుంది. నప్పని సామానే మనిషిని నలుగురిలో నిలబెడుతుంది! కాదనేవాళ్ళు ఒకసారి సాలూరు వచ్చి పైడిరాజు లారీ ఎక్కి చూడండి. ఎక్కడం వరకే మీ చేతిలో ఉంటుంది, ఎక్కడ దిగుతారన్నది దాని దయ.

పాఠక మహాశయులారా, లారీలో యూనివర్సల్ జాయింట్ అనే మహత్తర వస్తువు ఒకటుంది. ఇంజను తిరుగుడుని వెనక చక్రాలకి మోసుకెళ్ళే పొడవాటి షాఫ్టు ఉంటుందే, దాని కొసన కూర్చుంటుంది. కూడిక గుర్తులాంటి ఇనప ముక్క, నాలుగు కొసలకి నాలుగు కప్పులు. రోడ్డు ఎగుడుదిగుడైనప్పుడు షాఫ్టు విరక్కుండా వంగనిచ్చేది అదే. సాలూరులో దాన్ని క్రాసు అంటారు. అది అరిగితే కొత్తది కొనాలి. ఎలా కొనాలి?

బండి మోడల్ చెప్పి, కొలతలు చూసి కొనడం కంపెనీలవాళ్ళు మనల్ని చెడగొట్టడానికి నేర్పిన అలవాటు. మన పద్ధతి వేరు. విరిగిన ముక్క పట్టుకుని షాపుకి వెళ్ళి, అచ్చం ఇలాంటిదే ఇమ్మని అడగాలి. విరిగిపోయినదాని కంటే నమ్మకమైన కొలత లోకంలో ఇంకేముంది? వార్డు మెంబరుని ఎన్నుకున్నా, ఇంట్లోకి రెండో కూలరు కొన్నా మనం చేసేది అదే కదా.

పైడిరాజు ఈ పద్ధతికి ప్రాణం పెడతాడు. లారీ కొన్న కొత్తలో మొదటి క్రాసు అరిగినప్పుడు షాపులో సరైన సైజు లేదు. ఉన్నది కాస్త చిన్నది. మెకానిక్ గంగులు ఆ కప్పులకి నూనె డబ్బా రేకు కత్తిరించి చుట్టి, సుత్తితో దిగ్గొట్టి, ఊడిపోకుండా వెల్డింగ్ చుక్క పెట్టి, "రెండ్రోజులు సర్దుకో బావా" అన్నాడు. ఆ రెండు రోజులు ఇంకా అవలేదు. అది విరిగితే పైడిరాజు ఆ చిన్నదాన్నే షాపుకి పట్టుకెళ్ళాడు. చిన్నదే వచ్చింది. అదీ విరిగింది, దాన్నీ పట్టుకెళ్ళాడు. అలా ఆ చిన్న క్రాసు వంశం ఆ లారీ కింద వర్ధిల్లుతోంది. అసలు మొదటి క్రాసు మాత్రం పైడిరాజు ఇంట్లో బియ్యం డబ్బా మూత మీద బరువుగా కూర్చుని ఎలకల్ని కాస్తోంది.

ఈ చిన్న క్రాసు వల్ల ఒరిగిన మేలు అంతా ఇంతా కాదు! రేకు వదులైనకొద్దీ బండి టకటకమంటుంది కాబట్టి హారన్ అక్కర్లేదు. గేదెలు ముందే తప్పుకుంటాయి. ఊరి మొదట్లో టకటక వినగానే అతని భార్య కాంతం ఎసరు పెడుతుంది. ఘాట్ రోడ్డు మీద ప్రతి మలుపులోనూ ఆగి ఉండటం వల్ల అతనికి తెలియని టీ కొట్టు లేదు. రెండు పెళ్ళి సంబంధాలు కూడా అక్కడే కుదిర్చాడు. నప్పిన క్రాసు వేసుకుని ఝామ్మని వెళ్ళిపోయేవాడికి ఇంత లోకజ్ఞానం ఎక్కడిది?

అయితే ఈ జ్ఞానం విలువ బియ్యం వ్యాపారి జగన్నాధానికి తెలియదు. ఘాట్ రోడ్డు మీదుగా కొరాపుట్ వెళ్ళే లోడు వారం వారం పైడిరాజుకే ఇస్తున్న మనిషి, ఒకరోజు కొట్టు ముందు నిలబెట్టి మాట తేల్చేశాడు.

"పైడిరాజూ, నీ మీద అభిమానం ఉన్నాది. కానీ నా బియ్యం మీద ఇంకా ఎక్కువున్నాది. ఈసారి గానీ ఘాటీలో ఆగిందంటే, ఇంక లోడు ప్రమోద్ బండికే."

ప్రమోద్ అంటే ఎవరో కాదు, కాంతం తమ్ముడు. కొత్త లారీ, కొత్త కళ్ళజోడు. పైడిరాజు బండి ఆగిన చోటల్లా తన బండి ఆపి, "ఏటి బావా, సాయం గావాలా?" అని ఎంతో మర్యాదగా అడుగుతాడు. లోడు పోయినా పైడిరాజు బతకగలడు. బామ్మర్దికి పోతే ఎలా బతుకుతాడు?

కర్మ కాలి, ఆ మర్నాడే వేరే ఎవరిదో లోడు దింపి ఖాళీ బండితో ఘాటీ దిగుతుంటే క్రాసు విరిగింది. విరిగితే విరిగింది, ముక్క ఎగిరి లోయలో పడింది. ఘోరం! ముక్క లేకుండా షాపుకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళడం? పైడిరాజు బండిని ఇంకో లారీకి కట్టి లాగించుకుని ఇంటికొచ్చి, అన్నం ముట్టకుండా కూర్చున్నాడు.

కాంతం బియ్యం డబ్బా మీది ఇనప ముక్క తీసి ఒళ్ళో పడేసింది.

"ఇదీ క్రాసే కదేటి. అట్టుకెల్లు."

షాపు సూరయ్య ఆ ముక్క చూశాడు, పుస్తకం చూశాడు, మళ్ళీ ముక్క చూశాడు. ఈ బండికి పెద్ద సైజని ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్న మనిషి. ఇంకో మాట మాట్లాడితే పైడిరాజు మనసు మార్చుకుంటాడని, నోరు మూసుకుని కొత్త క్రాసు చేతిలో పెట్టాడు.

గంగులు అలవాటుగా నూనె డబ్బా రేకు కత్తిరించి సిద్ధంగా పెట్టుకున్నాడు. కప్పు పెట్టి సుత్తితో నెమ్మదిగా కొట్టాడు. అది బుద్ధిగా లోపలికెళ్ళి కూర్చుంది. కప్పు ఊడకుండా పట్టే లాకు దాని గాడిలో అదే పడింది. గంగులు మొహం పాలిపోయింది.

"బావా, రేకు అక్కర్నేదు."

"అక్కర్నేకపోడమేటి? సరిగ్గా సూడు."

"సూసేను. కదల్డం నేదు."

ఇద్దరూ బండి కింద గొంతుక్కూర్చుని కప్పుల్ని మార్చి మార్చి కదిపి చూశారు. తర్వాత బొబ్బిలి రోడ్డు మీద నడిపి చూశారు. టక్కు లేదు, టిక్కు లేదు. పైడిరాజు స్టీరింగ్ గంగులుకిచ్చి దారిలో దిగి, మెల్లగా కదులుతున్న బండి కిందకి వంగి షాఫ్టు ఉందో లేదోనని చూశాడు. ఉంది, తిరుగుతోంది, నోరు మెదపట్లేదు. ఊళ్ళోకొస్తే గేదెలు దారివ్వలేదు. చప్పుడు వినబడక కాంతం ఎసరు పెట్టలేదు. ఆ పూట భోజనం ఆలస్యమైంది.

"ఏదో నోపల్నోపల జరుగుతన్నాది గంగులూ," అన్నాడు పైడిరాజు. "సప్పుడు సేస్తే ఏటయిందో తెలుస్తాది. సప్పుడు సెయ్యనిదాన్ని ఎలా నమ్మీడం? తెల్లారితే లోడెత్తాల. నావల్ల కాదు, ఇప్పీసెయ్."

విప్పేశారు. సూరయ్య దగ్గరికి పట్టుకెళ్ళి, మామూలు చిన్నదే ఇమ్మన్నారు.

"సరిపోయిందన్నావు కదా?" అన్నాడు సూరయ్య.

"అదే భయం," అన్నాడు పైడిరాజు.

చిన్నది వచ్చింది, రేకు చుట్టుకుంది, వెల్డింగ్ చుక్క పడింది. బండి టకటకలాడగానే గంగులు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైడిరాజు కడుపు నిండా తిని హాయిగా నిద్రపోయాడు. తెల్లారి జగన్నాధం బస్తాలు ఎక్కించుకుని ఘాటీ ఎక్కాడు.

మలుపులు కొన్ని బాగానే గడిచాయి. తర్వాత బండి కింద పెద్ద గిన్నె పడ్డట్టు శబ్దమైంది. లారీ ఆగిపోయింది.

మధ్యాహ్నానికి ప్రమోద్ బండి వచ్చి పక్కన నిలబడింది, అదీ చప్పుడు లేకుండానే. "ఏటి బావా, ఎండలో కూకున్నావు?" అని తన నీళ్ళ సీసా చేతికిచ్చాడు. బస్తాలన్నీ ఈ లారీలోంచి ఆ లారీలోకి మారాయి. జగన్నాధం ఫోన్లో ఒక్కటే మాట అన్నాడు, ఇక రావద్దని. ప్రమోద్ బండి మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా పైడిరాజు అటే చూశాడు. ఏళ్ళ నాటి లోడు కళ్ళ ముందే పోయింది.

అప్పుడు లేచి తుప్పల్లో వెతకడం మొదలెట్టాడు. ముళ్ళు గీరుకున్నాయి, పంచె చిరిగింది. ఒక రాయి పక్కన తళుక్కుమంది. పాపం, అంత దుఃఖంలోనూ మొహం విప్పారింది. ముక్కని తువ్వాల్లో భద్రంగా చుట్టుకుని కాంతానికి ఫోన్ చేశాడు.

"కాంతం, లోడు పోనాది. పరవానేదు, ముక్క దొరికింది. రేపు ఇలాంటిదే తెచ్చీసి బిగించీస్తాను."

అవతల బియ్యం డబ్బా మూత కదిలిన చప్పుడైంది.

"ఇదిగో, బియ్యం డబ్బా మీద ముక్క ఇంకా ఉన్నాది," అంది కాంతం. "నానే షాపుకి అట్టుకెల్లి కొనుక్కొస్తాను. అదే ఏసుకో."

"అదొద్దే," అన్నాడు పైడిరాజు కంగారుగా. "అదైతే మల్లీ సరిపోతాది."