తొలి గెల

ఆదివారం పొద్దున జోయెల్ వేసుకున్న పథకం చాలా చిన్నది: సద్దన్నం తినాలి, వెనక గదిలో పండిన గెల దించాలి, ఒక్కో పండూ చిదిమి గింజ వెతకాలి.

సోంపేట దగ్గరి అరటి పరిశోధన తోటలో మూడేళ్ళుగా అతను తెల్లారకముందే నిచ్చెనెక్కి, అడవి అరటి పుప్పొడిని కూర అరటి పూలకు కుంచెతో అద్దుతున్నాడు. మనం తినే అరటికి గింజ పట్టదు. పట్టి, మొలిస్తేనే కొత్త రకం. ఇప్పటికి డెబ్బై గెలలు చిదిమాడు, ఒక్క గింజా లేదు. ఈ ఏడు వేరే రకం అడవి అరటికి మారాడు. దాని పుప్పొడితో వచ్చిన తొలి గెల ఇదే. తోట షెడ్డుకు తలుపు లేదని ఇంటికి తెచ్చి వేలాడదీశాడు. రేపు తనిఖీకొస్తూ పలాసలో రైలు దిగబోయే ఆఫీసరు నిన్న ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి, ఈసారీ గింజ లేకపోతే తోట మూసేస్తామన్నాడు. తోటతోపాటు జోయెల్ ఉద్యోగమూ పోతుంది.

రిజిస్టరు చూస్తూ తింటుంటే పంటి కింద టక్కుమంది. ఉమ్మేశాడు.

"బియ్యంలో రాళ్ళు కూడా నేనే ఏరాలా?"

భార్య సలోమి వంగి నేల తుడిచి, కొంగు ముడి బిగించుకుంది. జోయెల్ అటు చూడకుండానే చెయ్యి కడుక్కుని వెనక గదిలోకి వెళితే తాడు ఒక్కటే వేలాడుతోంది.

"గెలేదీ?"

"చర్చికి పంపినాను. ఇయ్యాల కోత పండగ కదేటి. సత్యవేదం మావ సైకిలు మీద ఎట్టుకెల్లినాడు."

"నన్నడక్కండానా?"

"తొలి గెల, తొలి గెలని నెల్లాళ్ళు పాట పాడినోరు మీరే కదా. తొలి ఫలం దేవుడిదే కదండీ? పదేళ్ళు సండే స్కూల్లో ఆ పాఠం సెప్పింది ఎవరు?"

అతను చర్చికి చేరేసరికి కానుకల వేలం అయిపోయింది. సంఘపెద్ద సత్యవేదం గెలను తనే పాడుకుని, ఆనవాయితీ ప్రకారం అందరికీ పంచేశాడు. సగం మంది నోళ్ళు నిండుగా ఉన్నాయి.

"ఎవరూ మింగకండి" అని జోయెల్ గుమ్మంలోంచే అరిచాడు.

దవడలన్నీ ఆగిపోయాయి.

"మందు కొట్టినావేటిరా?" అన్నాడు సత్యవేదం.

"మందు కాదు మావా, గింజ. అది రీసెర్చి పండు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పండులోకి ఏదో ఎక్కించారని జనం క్షణంలో తేల్చేశారు. ఫ్లోరెన్స్ టీచరు ఉప్పునీళ్ళు కలిపింది. పాస్టరు షాలేమ్ రాజు ప్రార్థన సగంలో ఆపి ముందుగా తనే తాగాడు. ఎవరో రెండు ఆటోలు పిలిచారు. ఎవరు కక్కినా జోయెల్ బకెట్ పట్టుకుని పరిగెత్తడం, అందులోకి తొంగిచూసి దిగాలుపడటం జనానికి అస్సలు నచ్చలేదు.

"ఏటి సూత్తన్నాడు?"

"ఇసం ఎంత దిగిందో సూత్తన్నాడు. ఆడి మొకం సూడు, మనం బతకం."

మధ్యాహ్నానికి బకెట్‌లోదంతా జల్లెడ పట్టాడు. గింజ లేదు. ఎవరికీ ఏమీ కాకపోవడంతో అందరికీ కోపం వచ్చింది. కోపమంతా మోసుకుని అతను ఇంటికి నడిచాడు. తప్పంతా సలోమిదేనని తేల్చుకోవడానికి ఆ దారి సరిగ్గా సరిపోయింది. అతను నోరు తెరిచేలోపే ఆమె కొంగు ముడి విప్పింది.

"ఇదిగోండి, పొద్దున మీరు ఉమ్మిన రాయి. బియ్యం కొట్టు చిట్టిబాబుకి సూపించండి. నేను ఏరనేదో, ఆడి బియ్యమే అలాగున్నాయో ఆడే సెప్పాల."

నల్లగా, మిరియమంత ఉంది. జోయెల్ దాన్ని వేళ్ళ మధ్య తిప్పి, వెలుతురుకు పట్టి చూశాడు. రాయి కాదు.

"సద్దన్నంలో ఏటి నలిపినావు?"

"అరటిపండు. గెల పంపేముందు ఒకటి తుంచినాను. దేవుడిది దేవుడికే. కానీ మూడేళ్ళు నిచ్చెనెక్కినోరికి ఒక్కటైనా దక్కద్దేటి?"

మర్నాడు ఆఫీసరు భూతద్దంలోంచి గింజను చాలాసేపు చూశాడు. తోట ఉంటుందన్నాడు. రిజిస్టరు ముందుకు తోశాడు. 'విత్తనం వేరుచేసిన పద్ధతి' అన్న గడిలో జోయెల్ 'పంటితో' అని రాశాడు.