చివరి ముక్కపై జాతీయ చర్చ

అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న గవర్నర్ మార్కస్ థార్న్‌లీ గారు ఇకపై మాట్లాడబోరనీ, కేవలం వింటారనీ సెప్టెంబరు మొదటి వారంలో ఆయన ప్రచార కార్యాలయం దేశానికి తెలియజేసింది. ఈ మేరకు ‘వినికిడి యాత్ర’ ఖరారైంది. పదకొండు రోజులు, నలభై మూడు ఊళ్లు, ఊరికి నలభై నిమిషాలు. అందులో ముప్పయ్యేడు నిమిషాలు వినడానికి, మూడు నిమిషాలు విన్నట్టు ఫోటో దిగడానికి. ఏం వింటారని విలేకరులు అడిగితే, "ఏదైనా సరే, విని తీరతారు," అని ప్రతినిధి ట్రెంట్ కాలవే గంభీరంగా ప్రకటించాడు.

ఆ నలభై మూడింటిలో మిన్నసోటా రాష్ట్రపు పడమటి అంచున ఉన్న హాల్వర్‌స్టాడ్ కూడా ఒకటి. జనాభా వెయ్యిన్నూట నలభై. కబురు తెలిసిన రోజునే వెర్నా హెగ్‌డాల్ ఖర్జూరాలు కొని తెచ్చుకుంది.

వెర్నాకు అరవై తొమ్మిదేళ్లు. భర్త ఆరిన్‌కు రెండు కిడ్నీలూ చెడిపోయి మూడేళ్లయింది. వారానికి మూడు రోజులు ఊరి ఆసుపత్రిలో డయాలిసిస్. ఆ వార్డులో ఉన్నవి నాలుగే కుర్చీలు. నాలుగు కుర్చీలతో తమకు గిట్టుబాటు కావడం లేదనీ, సెప్టెంబరు ముప్పయ్యో తేదీన వార్డు మూసేస్తామనీ ఆసుపత్రిని నడిపే కంపెనీ ఇంటికి ఉత్తరం పంపింది. ఆ తర్వాత దగ్గర్లో ఉన్న డయాలిసిస్ కేంద్రం తొంభై నాలుగు మైళ్ల అవతల. చలికాలంలో ఆ రోడ్డు మీద కార్లు మంచులో కూరుకుపోవడం ఏటా ఉన్నదే.

"వారానికి మూడుసార్లు ఆ దారి పట్టుకుని పోవడం నా వల్ల కాదే వెర్నా. కాబట్టి నేను ఈ చలికాలం దాకానే అనుకో," అన్నాడు ఆరిన్ ఓ ఉదయం, రేపు వాన పడుతుందని చెబుతున్నంత మామూలుగా.

వెర్నా గిన్నెలు తోముతూ ఏడ్చింది. నలభై ఏడేళ్లు కాపురం చేసిన మనిషిని ఒక రోడ్డుకు వదిలేసుకోవడం ఆమెకు ఇష్టం లేదు. మర్నాడే వెళ్లి కంపెనీ మేనేజరు ముందు కూర్చుంది. ఆయన మంచివాడే. "కాబోయే అధ్యక్షుల్లో ఎవరైనా ఈ వార్డు సంగతి చూస్తానని ఒక్క ముక్క రాసిస్తే, కొత్త అధ్యక్షుడు గద్దెనెక్కే జనవరి దాకా మూత ఆపమని పైవాళ్లకి నేను చెప్పుకోగలను," అన్నాడు.

అలా వెర్నా చేతిలో ప్రశ్న రాసుకున్న అట్టముక్క ఒకటీ, పళ్లెం నిండా ఖర్జూరం బార్లూ పట్టుకుని యాత్ర సభ జరిగే లూథరన్ చర్చి సెల్లార్‌కు బయల్దేరింది. ఈ బార్లలో మందు దొరకదు. కేకులా కాల్చి నలుచదరంగా కోసే తీపి ముక్కల్ని ఆ ప్రాంతంలో బార్లంటారు.

గవర్నర్ గారు సమయానికి వచ్చారు. వెర్నా లేచి నిలబడి, అట్టముక్క చూడకుండానే అంతా చెప్పింది. ఆయన నిజంగానే విన్నారు. దగ్గరకు వచ్చి ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. "అమ్మా, నేను గెలిస్తే మొదటి వారంలోనే ఈ పని చూస్తాను. ఆ నాలుగు కుర్చీలూ ఈ ఊరు దాటి పోవు. రేపే ఆ కంపెనీకి ఉత్తరం రాస్తాను," అన్నారు. సెల్లార్‌లో ఉన్న అరవై మందీ ఆ మాట విన్నారు. టీవీ కెమెరా మాత్రం వినలేదు. ఆ సమయంలో దానికి బ్యాటరీ మారుస్తున్నారు.

కొత్త బ్యాటరీ పడి ఎర్ర దీపం వెలిగేసరికి, గవర్నర్ గారి చెయ్యి బల్ల మీదున్న పళ్లెం వైపు వెళ్తోంది. పళ్లెంలో ఒకే ఒక్క ముక్క ఉంది. ఒక్క ముక్క అనడం కూడా ఎక్కువే. హాల్వర్‌స్టాడ్‌లో చివరి ముక్కను ఎవరూ తీసుకోరు. సగం కోసుకుని సగం వదలాలి. తర్వాత వచ్చినవాడు ఆ సగంలో సగం కోసుకుంటాడు. ఆ తర్వాతివాడూ అంతే. అలా నలుగురు మర్యాదస్తుల చేతులు దాటి, ఆ ముక్క బొటనవేలి గోరంతై మిగిలింది. గవర్నర్ గారు దాన్ని రెండు వేళ్లతో తీసి నోట్లో వేసుకున్నారు. వేలికంటిన తీపి కూడా నాకారు.

పాస్టర్ గారు బూట్ల వంక చూసుకున్నారు. వెనక వరసలోంచి ఓ ముసలావిడ, "అదో రకంగా ఉందే," అంది. ఆ ఊళ్లో అంతకు మించిన తిట్టు లేదు.

సాయంత్రానికల్లా ప్రత్యర్థి సెనేటర్ పెటిబోన్ గారి శిబిరం దేశమంతా ప్రకటన వేసింది. ‘చివరి ముక్క మింగినవాడు మీ పింఛను మింగడా?’ అని. ఏడు చానళ్లు మిగతా వార్తలన్నీ ఆపేశాయి. ఒక చానల్లో ఎనిమిదిమంది నిపుణులు కూర్చున్నారు. అందులో ఒకాయన దంతవైద్యుడు. గవర్నర్ నమలలేదనీ, నేరుగా మింగేశారనీ, ఇది నియంతల లక్షణమనీ ఆయన తేల్చాడు.

థార్న్‌లీ గారి శిబిరం ఊరుకోలేదు. అది చివరి ముక్క కాదు, చివరి నుంచి రెండోది అని సోమవారం ప్రకటించింది. మంగళవారం, గవర్నర్ గారు సగమే తిన్నారనీ, మిగతా సగం మరీ సన్నగా ఉండడం వల్ల కెమెరాకు అందలేదనీ సవరించింది. బుధవారం నాటికి అసలు విషయం బయటపెట్టింది. సెనేటర్ పెటిబోన్ తొమ్మిదో ఏట తమ్ముడి దోసె లాంటి పాన్‌కేక్ లాక్కుని తిన్నాడట. సాక్ష్యం చెప్పింది తమ్ముడే. గురువారం ఆ తమ్ముడు విగ్గు పెట్టుకుంటాడని సెనేటర్ శిబిరం ఆధారాలతో సహా నిరూపించింది. ప్రజాస్వామ్యం ఇంత చురుగ్గా పనిచేయడం చూసి అందరూ ముచ్చటపడ్డారు.

వెర్నా ఇంటి ముందు గడ్డి మీద ఆరు టీవీ వ్యాన్లు ఆగాయి. ఆమె సంతోషించింది. ఒక్క ఉత్తరం కోసం తిరుగుతుంటే దేశమే గుమ్మంలోకి వచ్చిందనుకుంది.

"ఆ ముక్క ఎంత ఉందో చెప్పగలరా మేడమ్?" అని అడిగింది మొదటి చానల్ అమ్మాయి.

"బొటనవేలి గోరంత. అది సరే గానీ అమ్మాయ్, మా డయాలిసిస్ వార్డు ముప్పయ్యో తారీఖున మూసేస్తున్నారు."

"గోరంతా! మీ గోరా, ఆయన గోరా?"

"ఆ వార్డు పోతే మా ఆరిన్ బతకడు."

"అంటే ఈ సంఘటన మిమ్మల్ని ఎంతగా కుంగదీసిందో అర్థమవుతోంది," అంది ఆ అమ్మాయి తడికళ్లతో, కెమెరా వైపు తిరిగి.

రెండో చానల్‌తో వెర్నా జాగ్రత్తపడింది. తయారీ చెప్పమన్నారు. చెబుతూనే, "ఓవెన్‌లో పెట్టాక నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాల్లో ఆరిన్‌ను డయాలిసిస్ నుంచి తీసుకొచ్చేస్తాను. వచ్చే నెల నుంచి తీసుకురాలేను, ఎందుకంటే..." అంది. ఆ సాయంత్రం తెర మీద ‘బామ్మ రహస్యం: నలభై నిమిషాలు’ అని పెద్ద అక్షరాలు పడ్డాయి. ‘ఎందుకంటే’ తర్వాతిది పడలేదు.

ఆరిన్ డయాలిసిస్ కుర్చీలో గొట్టాలతో పడుకుని ఇదంతా టీవీలో చూశాడు. "నలభై ఏడేళ్లుగా నీ మాట మధ్యలో తెంచాలని చూస్తున్నానే. ఎలా తెంచాలో ఇవాళ తెలిసింది," అని నవ్వాడు. వెర్నా కూడా నవ్వి, వెంటనే మొహం పక్కకు తిప్పుకుంది.

శనివారం సెనేటర్ పెటిబోన్ గారు స్వయంగా హాల్వర్‌స్టాడ్ వచ్చారు. పార్కులో బల్ల వేయించి, దాని మీద ఒకే ఒక్క బార్ పెట్టించి, జనం చూస్తుండగా సగం కోసి తిన్నారు. మిగిలిన సగంలో సగం తిన్నారు. తొమ్మిదోసారికి భూతద్దం తెప్పించారు. పదకొండోసారికి కోయడానికేమీ కనిపించకపోయినా, ఏదో ఉన్నట్టే కోసి, ఏదో మిగిలినట్టే వదిలి, చేతులెత్తి నమస్కరించారు. చప్పట్లు మారుమోగాయి.

వెర్నా జనాన్ని తోసుకుని ముందుకెళ్లింది. "సెనేటర్ గారూ, మా ఊళ్లో డయాలిసిస్..."

"మీరేనా అమ్మా ఆవిడ!" సెనేటర్ గారు ఆమె భుజం మీద చెయ్యి వేసి మైకు అందుకున్నారు. "మీ నోటి దగ్గరి ముక్క లాక్కున్నాడు. నేను గెలిస్తే మీ ముక్క మీకు తెచ్చిస్తాను!"

చప్పట్ల మధ్య, "నాకు ముక్క వద్దయ్యా, నాలుగు కుర్చీలు కావాలి," అంది వెర్నా. వెంటనే వెనకనున్నవాళ్లు ఆమె కూర్చోవడానికి నాలుగు కుర్చీలు తెచ్చి వేశారు.

ఇక మిగిలింది గవర్నర్ గారి ఉత్తరం. వెర్నా ఆయన కార్యాలయానికి పందొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. ఇరవై ఆరో తేదీన ట్రెంట్ కాలవే తానే వచ్చి వంటింట్లో కూర్చున్నాడు. కాఫీ ఇచ్చింది.

"ఉత్తరం తెచ్చావా నాయనా?"

"అంతకంటే మంచి వార్త తెచ్చాను మేడమ్. సమస్య పరిష్కారమైంది. గవర్నర్ గారు ఆ రోజు అసలు మీ సెల్లార్‌కు రాలేదు."

వెర్నా కెటిల్ కింద పెట్టింది. "నా చెయ్యి పట్టుకున్నాడు కదయ్యా."

"ఆయనలాంటి వ్యక్తి ఎవరో పట్టుకుని ఉంటారు. పత్రికలకు ఇందాకే ఇచ్చేశాం. ఇదిగో, మీకూ ఒక కాపీ."

"మరి వార్డు మూత ఆపిస్తానని మాటిచ్చాడే?"

"చాలా మంచి మాట. కానీ అది మాదని ఉత్తరం రాస్తే, మేం వచ్చినట్టవుతుంది. వస్తే తిన్నట్టవుతుంది. మీరే ఆలోచించండి."

వెర్నా ఆలోచించింది. "ఆ మాట నేనెవర్ని అడగాలి మరి?"

"ఆ వ్యక్తినే అడగాలి మేడమ్," అన్నాడు కాలవే ఎంతో సానుభూతితో. కాఫీ చాలా బాగుందని కూడా అన్నాడు.

ముప్పయ్యో తేదీన వార్డు మూసేశారు. అక్టోబరు మూడో తేదీ నుంచి వెర్నా కారు తియ్యడం మొదలుపెట్టింది. దారిలో ఆరిన్‌ను మాట్లాడనివ్వకుండా తనే మాట్లాడేది. ఎందుకంటే అతను నోరు తెరిస్తే ఇక చాల్లే అంటాడని ఆమె భయం.

నవంబరులో పోలింగ్. చీటీ మీద ఇద్దరి పేర్లూ, వాటి కింద నచ్చిన పేరు రాసుకోవడానికి ఖాళీ గీత ఒకటీ ఉన్నాయి. వెర్నా చాలాసేపు నిలబడి, ఆ గీత మీద ‘వెర్నాకు మాటిచ్చిన మనిషి’ అని రాసి, మడిచి పెట్టెలో వేసింది. ఎవరికీ చెప్పలేదు. హాల్వర్‌స్టాడ్‌లో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోరు. లెక్కపెడితే అదే మాట నాలుగు వందల పదిహేడు చీటీల మీద ఉంది.

దేశమంతా లెక్క తేలింది. మిన్నసోటా ఒక్కటే మిగిలింది. అక్కడ గెలిచినవాడే అధ్యక్షుడు. అక్కడ థార్న్‌లీ గారి కంటే పెటిబోన్ గారికి మూడు వందల పన్నెండు ఓట్లు ఎక్కువ వచ్చాయి. రెండు వైపులా కలిపి నూట నలభై మంది లాయర్లు దిగారు.

నవంబరు ఇరవై నాలుగో తేదీ పొద్దున్న ఎనిమిదింటికి, మంచు దట్టంగా పడుతుండగా, కాలవే వెర్నా ఇంటి ముందు కారు దిగి పరుగెత్తుకొచ్చాడు. ఆరిన్ అప్పటికే కార్లో కూర్చున్నాడు. వెర్నా అద్దం మీద మంచు గీకుతోంది.

"మేడమ్! ఆ రోజు సెల్లార్‌కు వచ్చింది మా గవర్నర్ గారే!"

"అవునా?" అంది వెర్నా గీకుతూనే.

"ఆ ముక్క కూడా ఆయనే తిన్నారు! ఒప్పుకుంటున్నాం! మీకు మాటిచ్చిన మనిషి ఎవరో మీరు జడ్జి గారి ముందు నిలబడి చెబితే చాలు, ఆ నాలుగు వందల పదిహేడూ మావే. ఇవాళ పదకొండింటికి, ఇక్కడి కోర్టులోనే. ఆ తర్వాత గడువు లేదు."

"చెప్పడానికేం, ఆయన వచ్చిన మాట నిజమే."

"దేవతలా ఆదుకున్నారు! రండి, మా కారెక్కండి."

"పదకొండింటికి కుదరదు బాబూ. పదిన్నరకు ఆరిన్‌ను డయాలిసిస్ కుర్చీలో కూర్చోబెట్టాలి. ఆలస్యమైతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తారు. తొంభై నాలుగు మైళ్లు పోవాలి. రోడ్డు బాగుంటే సాయంత్రం ఐదింటికి వచ్చేస్తాను."

కాలవే మొహంలో నెత్తురు చుక్క లేదు. "మా వాళ్లు తీసుకెళ్తారు ఆయన్ని! నాది పూచీ! నేను మాటిస్తున్నాను!"

"నీ మాట మీద ఆరిన్‌ను పంపించనా?" అంది వెర్నా. కోపంగా అనలేదు.

కాలవే ఆకాశం వంక చూశాడు. హెలికాప్టర్ ఎగిరే వాతావరణం కాదు. తల గోక్కుంటూ రోడ్డు ఆ చివరా ఈ చివరా చూశాడు. హఠాత్తుగా అతని కళ్లు మెరిశాయి. రెండు వీధుల అవతల కనిపిస్తున్న తెల్ల భవనం వైపు చెయ్యి చూపించాడు.

"మేడమ్, అది ఆసుపత్రేగా! ఇంత దగ్గర్లో ఉంచుకుని ఎక్కడికో ఎందుకు పోతారు? అక్కడే చేయించేసుకోవచ్చు కదా!"

వెర్నా గీకడం ఆపి అతని మొహంలోకి చూసింది. అతను నిజంగానే అడుగుతున్నాడు. ఆమె కార్లో కూర్చుని, ఆరిన్ కాళ్ల మీద దుప్పటి సర్ది, బండిని రోడ్డెక్కించింది.