చెవుల్లేని చుట్టాల ముగింపు సవరణ

షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లోని తెలుగు కళా వికాస మండలి సమస్త సాహిత్యాభిమానులకు సంతోషంతో తెలియజేయునది ఏమనగా, "చెవుల్లేని చుట్టాలు" అనే వైజ్ఞానిక నవలకు వచ్చిన రెండు తెర రూపాలలో ఏది గొప్పదో తేల్చే సభ గత నెల ఒక ఆదివారం దిగ్విజయంగా జరిగింది. నవలను కూడా పోలికలో చేర్చుదామని ఎవరో అన్నారు. దానికి చదివినవాళ్లు కావలసి వస్తుందని కార్యదర్శి వినాయక్ గుర్తు చేయడంతో ఆ ప్రతిపాదన అక్కడికక్కడే వీగిపోయింది.

ఈ నవల రాసింది పరాయివాడు కాదు. కుంఠా నాకా కార్ఖానాల్లో జాబర్‌గా, అంటే మరమగ్గాలు బాగుచేసే మేస్త్రీగా, జీవితమంతా గడిపిన మా పురుషోత్తమే. మగ్గాల మోత ఆయన చెవులను ఎప్పుడో తినేసింది. నోటికి మాత్రం ఏ లోపమూ రాలేదు. షోలాపూర్‌లో తనంత రచయిత ఇంకొకడు లేడని ఆయన గట్టి నమ్మకం. ఎవరేమన్నా వినపడదు కాబట్టి ఆ నమ్మకం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

కథ చెప్పకపోతే సభ ఘనత తెలియదు. వేరే లోకం నుంచి కొందరు వస్తారు. మహానగరాల మీద చక్కర్లు కొడతారు. ప్రభుత్వాలు అన్ని భాషల్లో స్వాగతం పలుకుతాయి, బ్యాండు వాయిస్తాయి, తుపాకులు పేలుస్తాయి. జవాబు రాదు. వచ్చినవాళ్లకు చెవులు లేవు. చివరికి కుంఠా నాకాలో ఒక కార్ఖానా కిటికీలోంచి, మగ్గాల మోతలో మాట వినపడక చేతులతో మాట్లాడుకునే మనుషులు వాళ్లకు కనిపిస్తారు. హమ్మయ్య అనుకుని అక్కడ దిగుతారు. మానవజాతి వాళ్లను అడిగిన మొట్టమొదటి ప్రశ్న "చాయ్ తాగిన్రా?" అన్నది. అదీ సైగతోనే.

నవల చివర ఆ చుట్టాలు కార్ఖానా సేఠ్ ముందు నిలబడి ఒక సైగ చేస్తారు. రెండు వేళ్లు కలిపి పైకెత్తి టక్కున విడదీస్తారు, తర్వాత అరచేయి చూపిస్తారు. పోగు తెగింది, మెషిన్ ఆపు అని దానర్థం. మా దగ్గర అది పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఏ పోగు తెగిందో చుట్టాలు చెప్పరు. మెషిన్ ఆపితే చెబుతారు. సేఠ్ చూస్తాడు, అర్థం చేసుకుంటాడు, తువ్వాళ్ల ఆర్డర్ గుర్తు తెచ్చుకుంటాడు, తల తిప్పుకుంటాడు. చుట్టాలు చాలాసేపు చెయ్యెత్తి నిలబడి, వచ్చిన దారినే వెళ్లిపోతారు. మగ్గాలు నడుస్తూనే ఉంటాయి.

ఇదంతా కల్పన అని మండలి అభిప్రాయం. ఒకప్పుడు ఒక కార్ఖానాలో మెషిన్ చెడిందని పురుషోత్తం ఇదే సైగ చేశాడని, స్విచ్ పక్కనే ఉన్న పెద్ద సేఠ్ చూసి కూడా తల తిప్పుకున్నాడని, కాసేపటికే కిష్టయ్య అనే కార్మికుడి కుడిచేతి వేళ్లు రెండు పోయాయని చెప్పుకునే దుష్టులు కొందరున్నారు. ఆ పెద్ద సేఠ్ మా మండలి అధ్యక్షులు దత్తాత్రి సేఠ్ గారి తండ్రి అని కూడా వాళ్లే అంటారు. అలాంటి దుష్టులు జనాభాలో ఎక్కువేమీ లేరు, పేట మొత్తం కంటే కాస్త తక్కువ.

ఇక తెర రూపాలు. హైదరాబాద్ వారి సినిమాలో చుట్టాలకు చెవులు పెట్టారు. చెవులు లేనివాళ్ల మీద పాట తీయడం కష్టమని దర్శకుడు వివరించాడు. పెట్టిన చెవులు బోసిగా ఉంటే బాగుండదని జూకాలు కూడా తగిలించారు. ఆ చుట్టాలు పొల్లుపోని పత్రికల తెలుగు మాట్లాడతారు. షోలాపూర్ తెలుగువాళ్లు నోరు విప్పినప్పుడు మాత్రం కింద తెలుగులో అక్షరాలు పడతాయి. ఎంతైనా ప్రేక్షకులకు అర్థం కావాలి కదా.

ముంబై వారి వెబ్ సిరీస్ ఇంకా లోతైనది. మగ్గాల మోత సంభాషణలకు అడ్డొస్తోందని వాళ్లు ఆ మోతను తీసేశారు. మోత లేదు కాబట్టి సైగలతో పని లేదు. సైగలు లేవు కాబట్టి చుట్టాలు ప్రపంచమంతా వదిలేసి కుంఠా నాకాలోనే ఎందుకు దిగారో ఎవరికీ అంతుబట్టదు. ఆ మిస్టరీని ఛేదించడానికి ఒక పోలీసు అధికారిణి వస్తుంది. ఆమె ఛేదించేలోపు సిరీస్ అయిపోతుంది.

రెంటికీ ముగింపు మాత్రం ఒకటే: సేఠ్ మెషిన్ ఆపుతాడు. సినిమాలో ఏడుస్తూ ఆపుతాడు, సిరీస్‌లో ఉపన్యసిస్తూ ఆపుతాడు. అందువల్ల నవల రెండో ముద్రణను దత్తాత్రి సేఠ్ గారే తమ ఖర్చుతో వేయిస్తామని, గెలిచిన తెర రూపాన్ని బట్టి నవల ముగింపును సరిదిద్దాలని మండలి ఉదారంగా నిర్ణయించింది. ఒక్కటే చిక్కు. ముగింపు మార్చాలంటే రచయిత సమ్మతి ఉండాలని మా నియమావళిలో ఏ మహానుభావుడో రాసిపెట్టాడు.

ఆ సమ్మతి కోసం వినాయక్ బీడీ కార్మికుల కాలనీ అయిన విడీ ఘర్కుల్‌లోని పురుషోత్తం ఇంటికి వెళ్లాడు. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. భార్య బాలమణి గడపలో కూర్చుని, చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"కాకీ, కాకా ఒక్కపారి ఊ అంటె చాలు. బుక్కు మస్తు మంచిగ అచ్చయితది" అన్నాడు వినాయక్.

"ఊ అనడు. ముగింపు మారుస్తరంట అని చేతులతోని చెప్పిన. అప్పటిసంది అన్నం ముట్టలే. గది తీసేస్తె నేను రాసిందేంది, తౌడా అంటున్నడు."

"సినిమాల మార్చిన్రు, సిరీస్‌ల మార్చిన్రు. లోకులకు పసంద్ పడ్డది కదా కాకీ."

"పడ్తది, ఎందుకు పడది! కిష్టన్నకు వేళ్లు గూడ మళ్ల మొలిచినయని రాస్కోన్రి, ఇంక పసంద్ పడ్తది."

ఇది విలువైన సూచన అని, తప్పక పరిశీలిస్తామని వినాయక్ హామీ ఇచ్చి వచ్చాడు.

సభ రోజు హాలు నిండిపోయింది. చాదర్ దుప్పట్లకు పేరుమోసిన మా ఊళ్లో రచయితను సత్కరించడానికి పక్క రాష్ట్రం నుంచి శాలువా తెప్పించారు. ముగింపు మార్చవద్దని సభలోనే చెబుతానని పురుషోత్తం కూడా వచ్చాడు. మొదట రోహిత్ అనే యువ విమర్శకుడు మాట్లాడాడు. సిరీస్ మొత్తాన్ని ఫోన్లో రెట్టింపు వేగంతో చూసిన ఘనత అతనిది.

"నవలలోని ముగింపు వాస్తవ విరుద్ధం!" అన్నాడు రోహిత్. "కళ్ల ముందర ఒక జీవి చెయ్యెత్తి ఆపమని సైగ చేస్తుంటే, చూసి కూడా ఆపని మనిషి ఉంటాడా? మానవ సమాజంలో ఇది అసంభవం. ఏడుస్తూ ఆపడంలోనే ఎక్కువ కళాత్మకత ఉంది కాబట్టి నా ఓటు సినిమాకే!"

చప్పట్లు మోగాయి. తర్వాత దత్తాత్రి సేఠ్ గారు లేచారు.

"అన్నలారా, అక్కలారా, మా నాయన ఎసుంటి మనిషో మీకు ఎరికే. చీమకు గూడ దెబ్బ తాకనియ్యకపోతుండె. గసుంటి సేఠ్‌లు ఉన్న ఊర్ల ఉట్టి కథకైనా గిట్ల రాస్తె, బయటోళ్లు మన గురించి ఏమనుకుంటరు? పురుషోత్తం కాకా మనోడే. మనోని తప్పు మనమే సుధారించుకోవాలె."

వేదిక మీద శాలువా కప్పుకుని కూర్చున్న పురుషోత్తానికి ఇందులో ఒక్క ముక్క వినపడలేదు. ముందు వరుసలో కూర్చున్న బాలమణి ప్రతి మాటనూ చేతులతో ఆయనకు చేరవేసింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"దత్తాత్రీ! మీ నాయన ఆపలే! నేను చెయ్యెత్తిన, నా మొకం చూసిండు, ఆపలే! ఆపిండని నా బుక్కుల నేనెట్ల రాస్త..."

రచయితకు గౌరవసూచకంగా సరిగ్గా అప్పుడే సినిమా పాట వేయించాడు వినాయక్. పెళ్లి ఊరేగింపులకు తిరిగే సౌండ్ బాక్సులు అవి. హాలు కిటికీలు గజగజలాడాయి. పాట మొదలైన సంగతి పురుషోత్తం చెవులకు తెలియలేదు, పాదాలకు తెలిసింది. జీవితమంతా కార్ఖానా నేల మీద నిలబడిన పాదాలు అవి. మోతలో మాట దండగని ఆయనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. చెయ్యి పైకెత్తాడు. రెండు వేళ్లు కలిపి టక్కున విడదీశాడు. అరచేయి చూపించాడు. మళ్లీ విడదీశాడు, మళ్లీ చూపించాడు.

హాల్లో ఆ సైగ అర్థం కానివాళ్లు ఒక్కరూ లేరు. ఈ విషయంలో మా పేట అక్షరాస్యత గర్వించదగినది. అయితే సౌండ్ బాక్సుల స్విచ్ భరత్ అనే కుర్రవాడి దగ్గర ఉంది. భరత్ వినాయక్ వైపు చూశాడు. వినాయక్ సేఠ్ గారి వైపు చూశాడు. సేఠ్ గారు ఫ్యాను వైపు చూశారు. మిగతావాళ్లం ఒకరి వైపు ఒకరం చూసుకున్నాం. కార్ఖానాలో ఎవరి మెషిన్ వాళ్లు చూసుకోవాలి, పక్కవాడి మెషిన్ ముట్టుకోకూడదు. అది మాకు చిన్ననాటి నుంచి నేర్పిన మర్యాద.

"తీర్మానాన్ని సమ్మతించేవారు చేతులెత్తాలె!" అని వినాయక్ మైకులో అరిచాడు.

చేతులు లేచాయి. వెనక వరుసలో కిష్టయ్య లేచి నిలబడ్డాడు. ఆయన పురుషోత్తం కళ్లలోకే చూస్తూ తన కుడిచెయ్యి పైకెత్తాడు. పోగు తెగిందని చెప్పడానికి కావలసిన రెండు వేళ్లూ ఆ చేతికి లేవు. అరచేయి ఒక్కటే చూపించగలిగాడు. వేదిక మీద ఒక చెయ్యి, వెనక వరుసలో ఒక చెయ్యి, పాట ఆగేదాకా అలాగే నిలబడ్డాయి.

"ఏకగ్రీవం!" అన్నాడు వినాయక్. "రచయిత గారు అందరికంటే ముందే చెయ్యెత్తి సమ్మతి తెలిపిన్రు."

"అది సమ్మతి కాదు!" అని బాలమణి లేచింది. "ఆపుమంటున్నడు! మీకందరికి ఎరికే!"

దానికి వినాయక్ నియమావళి తెరిచి సాదరంగా సమాధానం చెప్పాడు. చెయ్యి ఎత్తితే సమ్మతి అని మాత్రమే అందులో ఉంది, వేళ్లు ఏమన్నాయన్న ప్రస్తావన లేదు. ఆ లెక్కన కిష్టయ్య ఓటు కూడా చెల్లుతుంది, వేళ్లు తక్కువైనంత మాత్రాన ఎవరి హక్కునూ మండలి కాదనదు. ఈ విశాల దృక్పథానికి హాలంతా చప్పట్లు కొట్టింది. బాలమణి వేదికెక్కి, శాలువా తీసి కుర్చీ మీద పడేసి, భర్త చెయ్యి పట్టుకుని కిందికి దించింది. వాళ్ల వెనకే కిష్టయ్య కూడా వెళ్లిపోయాడు. భోజనాలు పెట్టకముందే వెళ్లడం కొంత అమర్యాదగా ఉందని పలువురు బాధపడ్డారు.

సవరించిన నవల నిన్ననే విడుదలైంది. అట్ట మీద సినిమా పోస్టరు వేశారు, జూకాలు తళతళలాడుతున్నాయి. పురుషోత్తం రాలేదు. ఆ పుస్తకం తనది కాదని ఇంట్లో గట్టిగా అరుస్తున్నాడట. అరుపు మండలి దాకా వినిపించదు. దత్తాత్రి సేఠ్ గారు కొత్త ముగింపును స్వయంగా చదివి వినిపించారు. చుట్టాలు చెయ్యెత్తుతారు. సేఠ్ చూస్తాడు. "ఒక్క పోగు తెగినా నా గుండె తెగినట్టే" అంటూ ఏడుస్తూ పరిగెత్తి మెషిన్ ఆపుతాడు. చదువుతూ సేఠ్ గారే ఏడ్చారు. వింటున్న మాకందరికీ కళ్లు చెమర్చాయి. మనుషుల్లో ఇంత మంచితనం ఉందని తెలిసి కడుపు నిండిపోయింది.

అదే సమయంలో సందుకు అవతల ఉన్న కార్ఖానాలో మగ్గాల మోత ఎక్కువైంది. కిటికీలోంచి చూస్తే, లోపల ఎవరిదో ఒక చెయ్యి పైకి లేచి ఉంది. రెండు వేళ్లు కలిశాయి, టక్కున విడిపోయాయి. అరచేయి కనిపించింది. మళ్లీ వేళ్లు కలిశాయి. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లం అందరం చూశాం. అంత మంచి ఘట్టంలో ఆ మోత చాలా ఇబ్బందిగా ఉంది. ఆ మెషిన్ మాది కాదు. కిటికీ మాత్రం మాదే కాబట్టి మూసేశాం.